కుక్కను పెంచడానికి ఏడాదికి నిజంగా ఎంతవుతుంది? (నెలకు రెండు వేలలో అయిపోతుందని మా ఆవిడతో పందెం కాశాను)

నిజాంపేట నాన్న | డిసెంబర్ 8, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, మూడో అంతస్తు. మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఏడాదిగా ఒకటే పాట, కుక్క కావాలని. వాడి క్లాసులో ఎవరికో లాబ్రడార్ ఉందట. దాని పిల్లను 12 వేలకు ఇస్తామన్నారు. నెలకు ఒక రెండు వేలు వేసుకుంటే సరిపోతుందని నేనన్నాను. మా ఆవిడ నవ్వింది. అందుకే ఇక్కడ అడుగుతున్నా. పెంచుతున్నవాళ్ళు ఉజ్జాయింపుగా కాకుండా అసలు లెక్క చెప్పండి. తిండి, టీకాలు నాకు తెలుసు. తెలియని ఖర్చులేంటి?

హస్కీ బాధితుడు | డిసెంబర్ 8, రాత్రి 11:05

అన్నా, మా వదినమ్మే గెలిచింది. పందెం డబ్బులు ఇప్పుడే ఇచ్చేయండి.

నాది హస్కీ. కొంపల్లి. మార్చి నుంచి జూన్ దాకా పగలంతా ఏసీ దానికోసమే. స్లాబ్ మారిపోయి కరెంట్ బిల్లు నెలకు మూడు వేలు పైన ఎక్కువొస్తుంది. మంచులో బండి లాగే జాతిని తెచ్చి డెక్కన్ ఎండలో పెట్టినందుకు నాకు పడే జరిమానా అది. కళ్ళు నీలంగా ఉన్నాయని తెచ్చుకున్నా, ఇంకేం చెప్పను. బొచ్చు గీయించెయ్యమని ప్రతి ఎండాకాలం ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది చేయకూడదు. ఆ రెండు పొరల బొచ్చే దానికి ఎండ నుంచి కూడా అడ్డు.

లెక్కల పుస్తకం | డిసెంబర్ 9, ఉదయం 5:50

నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి, హనుమకొండ. మా లాబ్రడార్ పేరు సీను, నాలుగేళ్ళు, 31 కిలోలు. వాడి పేరు మీద ఒక నోట్‌బుక్ పెట్టాను. మావాళ్ళు ఎగతాళి చేస్తారు గానీ ఇవాళ పనికొచ్చింది. పోయిన సంవత్సరం పద్దులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా.

తిండి సగం ప్యాకెట్, సగం ఇంటి వంట. 20 కిలోల సంచులు నాలుగు, ఒక్కోటి 4,200 చొప్పున 16,800. బియ్యం, గుడ్లు, చికెన్ నెలకు 1,500 చొప్పున 18,000. ఏడాది టీకాలు, డాక్టరు ఫీజుతో కలిపి 1,600. మూడు నెలలకోసారి నులిపురుగుల మాత్రలు, బరువును బట్టి ఒక్కోసారి మూడు వేయాలి, మొత్తం 720. పిడుదుల బిళ్ళ మూడు నెలలకోటి, 2,300 చొప్పున నాలుగు, అంటే 9,200. షాంపూ, దువ్వెన, తాడు, తెగిపోయిన తాడు బదులు ఇంకో తాడు, అన్నీ కలిపి 2,900. సంక్రాంతికి ఐదు రాత్రులు బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కను చూసుకునేచోట, ఉంచినందుకు 3,500. జూలైలో జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలైన్, రెండుసార్లు రక్త పరీక్ష, మందులు: 11,400. "సీను వల్ల నష్టం" అని ఒక శీర్షిక ఉంది. అందులో టీవీ రిమోట్, రెండు జతల చెప్పులు, మా ఆవిడ కళ్ళజోడు: 3,200.

మొత్తం 67,320. నెలకు 5,610 అన్నమాట. ఇది వరంగల్ లెక్క. హైదరాబాద్‌లో డాక్టరు ఫీజులు, బోర్డింగ్ ఇంకా ఎక్కువే ఉంటాయి.

మీరు కొత్తగా పిల్లను తెస్తున్నారు కాబట్టి మొదటి ఏడాది టీకాల కోర్సు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, గిన్నెలు, పరుపు అదనం. ఆ 12 వేలు మాత్రం మర్చిపోండి. ఏటా అయ్యే ఖర్చు ముందు అది చిన్న అంకె.

నిజాంపేట నాన్న | డిసెంబర్ 9, ఉదయం 8:15

మాస్టారూ, ఈ పోస్టు మా ఆవిడకు చూపించకుండా ఉండాల్సింది. చూపించేశాను.

పిడుదులకే 9,200 అవుతుందా? మా ఊళ్ళో గేదెలకు కొట్టే మందు ఒకటుంటుంది, చాలా తక్కువ. అదే నీళ్ళలో కలిపి పోస్తే పోదా?

గన్నవరం డాక్టర్ | డిసెంబర్ 9, మధ్యాహ్నం 1:30

పోయకండి. ఈ ప్రశ్నకే లాగిన్ అయ్యాను.

గేదెకు కొట్టే మందును కొలత లేకుండా కుక్కమీద పోస్తే అది ఒళ్ళు నాక్కుంటుంది. తర్వాత చొంగ కారుస్తూ, వణుకుతూ నా టేబుల్ మీదికి వస్తుంది. వారానికి ఒక కేసైనా చూస్తాను. కుక్కలకు పోసే లోషన్లు వేరే ఉన్నాయి. వాటిని కూడా సీసా మీద రాసిన కొలతకే కలపాలి, ఒళ్ళు ఆరేదాకా నాకనివ్వకూడదు.

మాస్టారి పుస్తకంలో జూలై పద్దు చూశారు కదా, అది దాదాపు ఖాయంగా పిడుదు జ్వరమే అయివుంటుంది. వానలు మొదలవగానే మా దగ్గర వరస కట్టేది అవే కేసులు. కాలివేళ్ళ సందున, చెవి మడతలో శనగ గింజంత బూడిదరంగు బొడిపె కనిపిస్తుంది. పులిపిరి అనుకుని వదిలేస్తారు. అది రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు. రాలిపడి గోడ పగుళ్ళలో, తలుపు చట్రం వెనక వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు మందు వేసి, ఇల్లు వదిలేస్తే లాభం లేదు.

కుట్టిన పిడుదులో ఎర్లీషియా అనే బాక్టీరియా ఉంటే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. తిండి మానేస్తుంది, చిగుళ్ళు పాలిపోతాయి, కొన్నిటికి ముక్కులోంచి రక్తం వస్తుంది. బబీసియా అనే పరాన్నజీవి అయితే మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పోస్తుంది. మొదటి రోజే తీసుకొస్తే రక్త పరీక్ష, మాత్రలతో రెండు మూడు వేలలో బయటపడొచ్చు. ఐదో రోజు తెస్తే మాస్టారి అంకె. రక్తం ఎక్కించాల్సి వస్తే దానికి రెట్టింపు, మూడు రెట్లు. ఎర్లీషియాకు డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు వేయమంటాం. ఐదో రోజు అన్నం తినేసరికి మానేస్తారు. మళ్ళీ నెలకు వస్తారు, ఈసారి డబుల్ బిల్లుతో.

9,200 ఎక్కువ అనిపిస్తుంది గానీ ఆ పుస్తకంలో నాకు నచ్చిన పద్దు అదే. మాస్టారూ, ఆ బిళ్ళ జూలైకి ముందు మొదలెట్టారా, తర్వాతా?

లెక్కల పుస్తకం | డిసెంబర్ 9, మధ్యాహ్నం 2:10

పట్టేశారు డాక్టరుగారూ. జనవరిలో వేశాను. ఏప్రిల్‌లో వేయాల్సింది ఖర్చెందుకని ఆపాను. 2,300 మిగుల్చుకుందామని 11,400 కట్టాను. అప్పట్నుంచి వరసగా వేశాను, ఆపిన బిళ్ళకు బదులు కొన్నది కూడా ఆ ఏడాది పద్దులోనే ఉంది కాబట్టి నాలుగు లెక్కకొచ్చాయి.

కొల్లేటి గాలి | డిసెంబర్ 9, సాయంత్రం 6:40

అంతా చదివాను. మరీ ఇంత హడావుడా అండి? మాది కైకలూరు పక్కన. మా తాతగారికి జోనంగి కుక్కలు ఉండేవి. పొట్టి బొచ్చు, సన్నటి నడుం, ఎండాకాలం నేలలో గుంట తవ్వుకుని పడుకునేవి. కొల్లేట్లో బాతుల మందల్ని తోలింది ఆ జాతే. వాటికి ఎవరూ పిడుదుల బిళ్ళలు వేయలేదు, సెలైన్లు ఎక్కించలేదు. మిగిలిన అన్నం, చేపల తలకాయలు, అంతే. ఖర్చు సున్నా. పట్నం వాళ్ళు కుక్కను కుక్కలా పెంచితే ఈ లెక్కలు ఉండవు.

చుక్క వాళ్ళమ్మ | డిసెంబర్ 9, రాత్రి 9:20

అన్నయ్యగారూ, ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ తాతగారి కుక్కలు ఎన్నేళ్ళు బతికాయి?

కొల్లేటి గాలి | డిసెంబర్ 9, రాత్రి 11:58

ఇందాకట్నుంచి ఇదే ఆలోచిస్తున్నానండి. రాజు, మోతీ, కర్రోడు, ఇంకో మోతీ. నా చిన్నప్పుడే నాలుగు మారాయి. కర్రోడికి పిచ్చెక్కిందని మా బాబాయి వాళ్ళే కొట్టి చంపారు. మా ఇంట్లో ముగ్గురికి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించారు, పద్నాలుగు రోజులు. ఆ ఖర్చు మాత్రం ఎవరూ కుక్క లెక్కలో రాయలేదు.

సున్నా అన్నది వెనక్కి తీసుకుంటున్నా.

గన్నవరం డాక్టర్ | డిసెంబర్ 10, ఉదయం 7:05

ఆ పొట్ట ఇంజెక్షన్లు ఇప్పుడు లేవు, చేతికే వేస్తారు. కానీ రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా దాదాపు చేసేదేమీ లేదు. అది మాత్రం మారలేదు. కుక్కకు ఏడాదికోసారి వేసే ఏఆర్‌వీ, అంటే రేబిస్ టీకా, ప్రైవేటులో రెండు మూడొందలు. ప్రతి జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం పేరుతో రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పాశ్చర్ 1885లో ఓ కుర్రాడికి మొదటిసారి ఆ టీకా వేసిన రోజది. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఆ రోజు తీసుకెళ్ళండి, కుక్క మెడకు తాడు మాత్రం కట్టి తెండి.

హైదరాబాద్ వాళ్ళకు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో కూడా చూస్తారు. లైన్లో కూర్చునే ఓపిక ఉంటే బిల్లు ప్రైవేటులో అయ్యేదానికంటే చాలా తక్కువ.

చుక్క వాళ్ళమ్మ | డిసెంబర్ 10, ఉదయం 10:30

మాది విశాఖ. చుక్క వీధి కుక్కే, నాటుది. బీచ్ రోడ్డులో వానలో దొరికింది, నుదుటి మీద తెల్లచుక్క ఉంటుంది. 14 కిలోలు. తిండికి నెలకు పన్నెండు, పదమూడు వందలు. చికెన్ షాపులో కాళ్ళు, మెడలు తక్కువకు ఇస్తారు. కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఎముక ఏరేసి, అన్నంలో కలిపి, రాత్రి పెరుగన్నం. ఉడికించిన ఎముక విరిగితే పదునుగా చీలి పేగులో గుచ్చుకుంటుందని ఒక డాక్టరుగారు చెప్పినప్పట్నుంచి కూర్చుని ఏరుతున్నా. ఉల్లిపాయ వేసిన కూరన్నం మాత్రం పెట్టను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ వాటికి పడవు. మామూలు ఏడాదికి నాకు 18 వేల నుంచి 20 వేల లోపు అయిపోతుంది.

మామూలు ఏడాది అన్నాను కదా. నిరుడు మామూలుగా లేదు. ఆపరేషన్ చేయించమని డాక్టరుగారు మొదట్నుంచీ అన్నారు. ఏడు వేలు అన్నారు. ఆడపిల్ల, ఒక్క ఈతైనా కననివ్వాలని మా అత్తగారు. అలా వాయిదా వేస్తూ ఐదేళ్ళు. నిరుడు ఎద దిగిన ఆరు వారాలకు బిందెలు బిందెలు నీళ్ళు తాగడం మొదలెట్టింది. ఎండాకాలం కదా అనుకున్నాను. వెనక నుంచి చీములాంటిది కనిపించాక పరుగెత్తాను. గర్భసంచి నిండా చీము. అర్ధరాత్రి ఆపరేషన్. 24 వేలు. బతికింది, ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే పడుకుని గురక పెడుతోంది. కానీ ఆ రాత్రి డాక్టరుగారు సంతకం పెట్టించుకున్నప్పుడు నా చెయ్యి ఎలా వణికిందో నాకే తెలుసు.

నాటు కుక్కకు జబ్బులు రావని ఎవరైనా అంటే నమ్మకండి. వస్తాయి, కాస్త తక్కువ.

అనుకోని అనూ | డిసెంబర్ 10, మధ్యాహ్నం 3:45

పిల్లను కొనే ముందు ఇది చదవండి అన్నా. ఒకరి దగ్గర షిట్జూ పిల్లను 18 వేలకు కొన్నాం. 45 రోజులదన్నారు, టీకా కార్డు కూడా ఇచ్చారు, స్టిక్కర్ అంటించి ఉంది. నాలుగో రోజు వాంతులు, తర్వాత రక్తంతో విరేచనాలు. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. పార్వో అనే వైరస్ జబ్బు. ఐదు రోజులు పొద్దున్న, సాయంత్రం సెలైన్. 16 వేలు అయ్యాయి. ఆరో రోజు పోయింది. కార్డు మీద డాక్టరు సంతకం ఉంది గానీ రిజిస్ట్రేషన్ నంబరు లేదని అప్పుడు చూశాం. అమ్మినవాళ్ళు ఫోన్ ఎత్తలేదు.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదట. అంటే 56 రోజులు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ప్లేనో పద్మ | డిసెంబర్ 11, ఉదయం 6:20

ఇక్కడ టెక్సస్‌లో మా గోల వినండి. అపార్ట్‌మెంట్‌లో కుక్కకి కూడా అద్దె, నెలకు 35 డాలర్లు. బీమా 48. తిండి 70. దోమల వల్ల వచ్చే గుండె పురుగుకు, పిడుదులకు కలిపి నెలకు 30. ఏడాదికోసారి చెకప్, టీకాలు 450. ఇవన్నీ ఒక ఎత్తు. నిరుడు నాలుగు వారాలు ఇండియా వచ్చాం. కుక్క బోర్డింగ్‌కు రాత్రికి 55 చొప్పున 28 రాత్రులు, 1,540 డాలర్లు. నా టికెట్ కంటే ఎక్కువ! మా అమ్మతో ఆ అంకె చెప్పలేదు. మొత్తం కలిపి ఏడాదికి 4 వేల డాలర్లు దాటింది.

ఇండియా నుంచి కుక్కను తెచ్చుకుందామనుకునేవాళ్ళకు ఒక మాట. 2024 ఆగస్టు 1 నుంచి ఇక్కడ నిబంధనలు బిగించారు. ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. ఇండియా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల లిస్టులో ఉంది కాబట్టి కాగితాలు చాలా ఎక్కువ. టికెట్ కొన్నాక కాదు, నెలల ముందే మొదలెట్టండి.

హస్కీ బాధితుడు | డిసెంబర్ 11, ఉదయం 9:00

పద్మక్కా, బోర్డింగ్ పేరెత్తారు కాబట్టి చెప్తున్నా. సంక్రాంతికి మా దగ్గర కూడా అదే పరిస్థితి. హైదరాబాద్ సగం ఊరెళ్తుంది, కుక్కలన్నీ ఇక్కడే. మామూలుగా రాత్రికి 700 ఉన్నది పండక్కి 1,200 అంటారు, అది కూడా నవంబర్‌లోనే నిండిపోతుంది. పోయినేడు ఆఖరి నిమిషంలో ఎక్కడో ఒకచోట పెట్టి వెళ్ళా. వచ్చి చూస్తే గొంతు బొంగురుపోయి ఉంది, ఒంటినిండా పిడుదులు. ఫొటోలు మాత్రం రోజూ పంపారు, అన్నీ మొదటి రోజు తీసినవే.

రైల్లో తీసుకుపోదామంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదై ఉండాలి, లేకపోతే గార్డు పెట్టెలో బోను. టూ ఏసీ, త్రీ ఏసీ, స్లీపర్‌లో రానివ్వరు.

నిజాంపేట నాన్న | డిసెంబర్ 11, రాత్రి 10:10

చదువుతూ ఉంటే టెన్షన్ పెరుగుతోంది. ఇంకో సంగతి. అసోసియేషన్ సెక్రటరీ లిఫ్టులో కుక్క వద్దన్నారు. పెంచాలంటే నెలకు 500 అదనపు మెయింటెనెన్స్ అట. ఇది చట్టమేనా?

గన్నవరం డాక్టర్ | డిసెంబర్ 11, రాత్రి 10:55

జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చదవండి. కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదు, లిఫ్టుకు డబ్బు అడగడానికీ లేదు. అయితే వాదనకు వెళ్ళే ముందు మీ వైపు కాగితాలు సరిచూసుకోండి. మీ మున్సిపల్ కార్పొరేషన్‌లో కుక్క రిజిస్ట్రేషన్, రేబిస్ టీకా సర్టిఫికెట్. లిఫ్టులో తాడు, చేతిలో కవరు. కవరు పట్టుకుని తిరిగే మనిషితో ఎవరూ ఎక్కువసేపు పోట్లాడలేరు.

లెక్కల పుస్తకం | డిసెంబర్ 12, ఉదయం 5:40

నాన్నగారూ, ఒక సలహా. ఈసారి పండక్కి మీరు ఊరెళ్తున్నారా? వెళ్ళకపోతే, వెళ్ళేవాళ్ళ కుక్కను మీ ఇంట్లో పెట్టుకోండి. డబ్బు తీసుకోకండి. వాళ్ళు దణ్ణం పెట్టి మరీ ఇస్తారు. నా పుస్తకంలో రాయని పద్దు ఒకటుంది. పొద్దున్న ఐదున్నరకు, రాత్రి తొమ్మిదిన్నరకు నడక, వానొచ్చినా జ్వరమొచ్చినా. దాన్ని రూపాయల్లోకి ఎలా మార్చాలో నాకు తెలియక రాయలేదు.

నిజాంపేట నాన్న | జనవరి 20, రాత్రి 9:35

మాస్టారి మాట విన్నాను. మా టీమ్‌లో ఒకబ్బాయి రాజమండ్రి వెళ్తూ వాళ్ళ లాబ్రడార్‌ను, దాని పరుపును, ఒక డబ్బా తిండిని అప్పజెప్పాడు. తొమ్మిది రోజులు. పేరు బ్రూనో.

మా బాబు మొదటి మూడు రోజులు అలారం పెట్టుకుని లేచాడు. నాలుగో రోజు దుప్పటి తీయలేదు. ఐదో రోజు నుంచి నేనే. భోగి రోజు మంట దగ్గర బ్రూనో బెదిరి తాడు లాగితే అరచెయ్యి గీరుకుపోయింది. కనుమ నాడు సోఫా కింద నిండా వెంట్రుకలు, ఊడిస్తే ఎగురుతాయి, తడిగుడ్డ పెడితేనే వస్తాయి. ఖర్చు 2,140 అయింది. అందులో 900 కార్పెట్ ఉతికించడానికి.

కుక్క వద్దన్న మా ఆవిడ రోజూ పొద్దున్నే ఒక ఇడ్లీ ఎవరూ చూడకుండా దానికి పెట్టింది. నిన్న బ్రూనో వెళ్ళిపోయాక గిన్నె కడిగి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.

ఆ 12 వేల లాబ్రడార్ వద్దన్నాం. మా ఫ్లాటుకు అంత పెద్ద కుక్క పట్టదు, నెలకు ఐదారు వేలు మా వల్ల కాదు. వాచ్‌మన్ గది వెనక ఒక వీధి కుక్క ఈనింది. నాలుగు పిల్లలు. చెవి ఒకటి మడిచి ఉండేది మా వెనకే వస్తోంది. నెలకు 2,500 పక్కన పెడదామని, దాంట్లో మిగిలింది ముట్టుకోకుండా ఆసుపత్రి కోసం ఉంచుదామని అనుకున్నాం. పందెం మాత్రం నేను ఓడినట్టే అంటోంది మా ఆవిడ.

గన్నవరం డాక్టర్ | జనవరి 20, రాత్రి 10:15

ఎన్ని వారాలు?

నిజాంపేట నాన్న | జనవరి 20, రాత్రి 10:18

ఆరు అంటున్నాడు వాచ్‌మన్.

గన్నవరం డాక్టర్ | జనవరి 20, రాత్రి 10:31

ఇంకో రెండు వారాలు తల్లి దగ్గరే ఉంచండి, రోజూ వెళ్ళి అన్నం పెట్టి మచ్చిక చేసుకోండి. మొదటి టీకా ఇప్పుడే వేయించొచ్చు, నులిపురుగుల మందు కూడా. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా. మూడు నెలలు నిండాక ఏఆర్‌వీ. కోర్సు పూర్తయ్యేదాకా వీధి మట్టిలో తిప్పకండి, అనూగారు చెప్పిన పార్వో ఆ మట్టిలో నెలల తరబడి ఉంటుంది. పనిలో పనిగా తల్లికి కూడా ఏఆర్‌వీ వేయించండి, రెండొందలే.

చుక్క వాళ్ళమ్మ | జనవరి 20, రాత్రి 10:40

ఆడదా, మగదా?

నిజాంపేట నాన్న | జనవరి 20, రాత్రి 10:44

ఆడదేనండి. ఆపరేషన్‌కు ఏడు వేలు ముందే రాసుకున్నా, నోట్‌బుక్ మొదటి పేజీలో.